తాళం వేసే పని మనుషుల మీద పెట్టకు, బిడ్డా

బిడ్డా,

మడికొండ ఐటీ పార్కుల మీ కంపెనీ మెయిళ్లకు ఎన్‌క్రిప్షన్, అంటే వేరేటోళ్లు చదవకుండ తాళం, పెట్టే పని నీకే అప్పజెప్పిన్రని అక్క ఫోన్ల చెప్పింది. అందర్నీ కూసోబెట్టి తాళం బొమ్మ నొక్కుడు నేర్పిస్తా అన్నవట. ఆ ఆలోచన విడిచిపెట్టు. 20 ఏండ్లు మెయిల్ సర్వర్లు చూసిన మనిషిగ చెప్తున్న. నెలాఖరుకు జీతాల షీటు పంపే తొందరల తాళం ఎవరికి యాదుంటది? యాది పెట్టుకోమని అడుగుడే తప్పు. తాళం సర్వరే వెయ్యాలె.

"మనకు టీఎల్‌ఎస్ ఉన్నది కదా" అని మీ మేనేజర్ అనొచ్చు. టీఎల్‌ఎస్ అంటే మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు పోయే దారికి వేసే తాళం, దారి వరకే కాపలా. హన్మకొండ బస్టాండ్ల కార్గోల వేసిన పార్శిలు లెక్క: డిక్కీకి తాళం ఉంటది, దిగిన ప్రతి స్టాండుల పార్శిలు చేతులు మారుతది. పైగా అవతలి సర్వర్‌కు టీఎల్‌ఎస్ రాకపోతే, మామూలు సెట్టింగుల మెయిల్ సాదాగనే పోతది, నీకు తెల్వనే తెల్వదు. బ్యాంకు, ఆడిటర్ డొమైన్లకు టీఎల్‌ఎస్ లేకుంటే మెయిలే పోవద్దని కట్టడి పెట్టు. ఇది ఒక్క పూట పని.

అసలు పని రూల్స్‌ది, అంటే ఏ మెయిల్‌కు తాళం వెయ్యాలెనో సర్వర్‌కు చెప్పేటివి. పాన్ పట్టుడు సులువు: ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. ఆధార్‌తోనే తిప్పలు. 12 అంకెలు కనబడంగనే ఆధార్ అనుకుంటే ఇన్‌వాయిస్ నంబర్లు కూడా తాళంల పడ్తయి. ఆధార్ల చివరి అంకె ముందున్న పదకొండింటి నుంచి వెర్‌హోఫ్ లెక్కతోటి వస్తది. ఆ పరీక్ష పెట్టు, వట్టి నంబర్లల్ల పదింట తొమ్మిది అక్కడ్నే రాలిపోతయి. మైక్రోసాఫ్ట్ 365ల ఇవి తయారుగనే దొరుకుతయి. ఏది వాడినా మొదటి రెండు వారాలు టెస్ట్ మోడ్ల, అంటే తాళం వెయ్యకుండ పట్టుడు వరకే, నడిపి, ఏది పట్టిందో, ఏది విడిచిందో రోజూ పొద్దుగాల లాగ్ చదువు. ఫోన్ల ఫొటో తీసి పెట్టిన ఆధార్ కార్డు అంకెల రూల్‌కు కనబడకపోవచ్చు. అందుకే హెచ్‌ఆర్, అకౌంట్స్ నుంచి అటాచ్‌మెంట్‌తోటి బయటికి పోయే ప్రతి మెయిల్‌నూ ఏం చూడకుండనే ఎన్‌క్రిప్ట్ చెయ్యి.

ఎస్‌మైమ్ అంటే ఎవరి మెయిల్‌కు వాళ్ల తాళం ఉండే పద్ధతి. అవతలోళ్లకు ఆ సర్టిఫికెట్ ఉంటే వాళ్ల పబ్లిక్ కీతోటి, అంటే అందరికీ ఇచ్చే తాళం వేసే కీతోటి, పంపొచ్చు; తెరిచే కీ వాళ్ల దగ్గర్నే ఉంటది. ఆ సర్టిఫికెట్ లేనోళ్లే ఎక్కువ. వాళ్లకు లింకు పోవాలె, ఓటీపీ కొట్టి బ్రౌజర్ల చదువుకోవాలె. మీ క్యాంటీన్ కాంట్రాక్టర్‌కు టీడీఎస్ కాగితం గిట్లనే పోతది, అండ్ల ఆయన పాన్ ఉంటది కాబట్టి. ఆయన చేతిల ఉండే అసుంటి పాత ఆండ్రాయిడ్ ఫోన్ల ముందు నువ్వు తెరిచి చూడు.

సబ్జెక్టు లైనుకు మాత్రం తాళం పడదు. ఫలానా మనిషి ఆపరేషన్‌కు అడ్వాన్స్ అని సబ్జెక్టుల రాస్తే లోపల ఎంత దాచి ఏం లాభం? మీ వాళ్లకు నేర్పేదుంటే ఇదొక్కటి నేర్పు.

ఇగ కీల సంగతి. నేను పనిచేసిన ఒక చోట ఎస్‌మైమ్ కీలు ఎవరి ల్యాప్‌టాప్‌ల వాళ్లయి ఉండేవి. అకౌంట్స్ల ఒకామె ల్యాప్‌టాప్ మొరాయిస్తే నేనే ఫార్మాట్ చేసిచ్చిన. తెల్లారి ఆమె పాత మెయిల్ తెరిస్తే లోపల ఒక్క మాట లేదు, 'ఎస్‌మైమ్ డాట్ పీ7ఎం' అనే అటాచ్‌మెంట్ తప్ప. కిందిది తెరిస్తే గంతే, దాని కిందిదీ గంతే. నాలుగేండ్ల మెయిళ్లు. కొత్త సర్టిఫికెట్ తెచ్చినం గని, పాత కీకి పడ్డ తాళం కొత్తదానికి రాదు. ఆమె నన్ను ఒక్క మాట అనలే. ఆడిట్ కాగితాల కోసం ఒక్కొక్కరికి ఫోన్ చేసి మళ్లీ పంపమని బతిమాలింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ యాదికొస్తది.

అందుకే మెయిళ్లు తెరిచే కీలన్నీ ఒక్క చోట భద్రంగ దాచు. సర్టిఫికెట్ గడువు తీరినా, మనిషి ఉద్యోగం విడిచిపోయినా ఆ కీ తీసెయ్యకు. మెయిల్ పంపింది ఆ మనిషే అని చూపే సంతకం కీ వేరే చేయించు, దానికి కాపీ ఉంచకు. దాచిన కీ తియ్యాలంటే ఇద్దరు కలిసి ఉండాలె. నువ్వొక్కదానివే తీసేటట్టు పెట్టుకుంటే, రేపు ఏదన్న మెయిల్ బయటవడ్తే అందరి చూపు నీ మీదికే వస్తది.

పని మొదలుపెట్టేముందు ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకొని కీ వెయ్యి, నీకు నువ్వే ఒక మెయిల్ పంపుకో, ల్యాప్‌టాప్ ఫార్మాట్ చెయ్యి. దాచిన కీ తెచ్చి ఆ మెయిల్ తెరువు. తెరుచుకుంటే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. తెరుచుకోకపోయినా చెయ్యి, కాజీపేటల దిగి నేనే వస్త.

మీ మామ