కాన్ఫరెన్స్‌లో పాత ఓపెన్ వైఫైని ఆపే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాన్ఫరెన్స్ వైఫై బాధ్యత నీకిచ్చారని, పాస్‌వర్డ్ లేని ఆ పాత నెట్‌వర్క్‌ని ఈసారి తీసేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే మొదటి రోజు పొద్దున్నే మాత్రం ఆపకు. రిజిస్ట్రేషన్ దగ్గర జనం ఉన్న సమయంలో నెట్ పోతే, ఆ టెన్షన్‌లో నువ్వు చెప్పే కారణం ఎవరూ వినరు.

ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఓపెన్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని కావాలని ఎంచుకోలేదు. కిందటిసారి కలిపిన పేరు ఫోన్‌కి గుర్తుంది, అదే కలిపేసుకుంది. కాబట్టి ముందు ఆ పేరు మార్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు ఇదే చేశారు: తమ ఓపెన్ నెట్‌వర్క్‌కి 'లెగసీ' అని పేరుపెట్టి, ఆ తర్వాత చివర సమావేశం సంఖ్య కూడా చేర్చారు. పేరు కొత్తదైతే ఏ ఫోనూ తనంతట తాను వెళ్లి కలవదు. ఆ పేరులో 'ఎన్‌క్రిప్షన్ లేదు' అన్న మాట కూడా కనిపించేలా చూడు. ఎన్‌క్రిప్షన్ అంటే, గాలిలో వెళ్లే సమాచారాన్ని పక్కవాళ్లు చదవలేకుండా గుప్తంగా మార్చడం.

ఇక కొత్త నెట్‌వర్క్. బ్యాడ్జి మీద ఒకే పాస్‌వర్డ్ అచ్చువేసి, ఇళ్లలో లాగా అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీఏ2 పర్సనల్ పెడితే చాలదమ్మా. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్కవాడి ఫోన్ కలిసే క్షణంలో దానికీ నెట్‌వర్క్‌కీ మధ్య జరిగే మాటామంతీని పట్టుకోగలిగితే, తర్వాతి ట్రాఫిక్ అంతా విప్పి చదవగలడు. ఒక్కొక్కరూ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో సర్వర్ ద్వారా లాగిన్ అయ్యే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి పెట్టు. ఐఈటీఎఫ్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ 'ఐఈటీఎఫ్' అనే నాలుగు అక్షరాలే, అందరికీ తెలిసినవే. అయినా ఒక్కొక్కరికీ వేరే తాళం తయారవుతుంది. అక్కడ పాస్‌వర్డ్ ఎవరినీ ఆపడానికి కాదు, ఎన్‌క్రిప్షన్ కోసమే. ఈ మాట వచ్చినవాళ్లకు కూడా చెప్పు, లేకపోతే ఖాతా తెరవాలేమోనని వెనకాడతారు.

అసలు కష్టం సర్టిఫికెట్ దగ్గర, అంటే లాగిన్ సర్వర్ అసలైనదేనని ఫోన్‌కి చూపే రుజువు దగ్గర, వస్తుంది. ఆండ్రాయిడ్ 11 కాలం నుంచి చాలా ఫోన్లలో 'సరిచూడవద్దు' అనే ఆప్షన్ తీసేశారు. ఫోన్ ఆ సర్వర్ డొమైన్ పేరు అడుగుతుంది, అక్కడే సగం మంది విసిగి పాత నెట్‌వర్క్‌కి పోతారు. డొమైన్ చిన్నదిగా ఉండనీ, బ్యాడ్జి వెనక పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించు. ఐఫోన్ వాళ్లకు ఈ సెట్టింగులన్నీ ఒకేసారి పెట్టే ప్రొఫైల్ ఫైలు సిద్ధంగా ఉంచు. ఇవన్నీ ఇంట్లోంచే పెట్టుకునేలా వారం ముందే మెయిల్ పంపు.

'ఇప్పుడంతా హెచ్‌టీటీపీఎస్సే కదా, సైట్లే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 2010లో ఓపెన్ వైఫైలో పక్కవాళ్ల లాగిన్‌ని కాజేసే ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ టూల్ వచ్చినప్పుడు కాఫీ షాపులో పక్కవాడి ఫేస్‌బుక్‌లోకి ఒక్క క్లిక్‌తో దూరగలిగేవారు. ఈనాడు అంత సులువు కాదు, నిజమే. కానీ ఏ సైట్లకు వెళ్తున్నారో ఇప్పటికీ చాలావరకు గాలిలో కనబడుతుంది. మన అతిథుల విషయంలో అది కూడా నాకు ఇష్టం లేదు.

పాత నెట్‌వర్క్‌ని కావాలని నెమ్మది చేయమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. జనం 'ఇక్కడ వైఫై బాగాలేదు' అనుకుంటారే తప్ప మారరు. దానికి బదులు హెల్ప్‌డెస్క్‌లో ఓపికున్న ఇద్దరిని కూర్చోబెట్టు. పాతదానిలో ఎన్ని పరికరాలు మిగిలాయో రోజూ చూడు. చివరికి మిగిలేవి ప్రింటర్లు, పాత ల్యాప్‌టాప్‌లే అయితే, వాటికి వేరే ఏర్పాటు చేసి ఆఖరి రోజు ఆపెయ్. కొత్త యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) ఉంటే, పాస్‌వర్డ్ లేకుండానే ఎన్‌క్రిప్ట్ చేసే 'ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్' కూడా చూడు. అయితే అదే పేరుతో దొంగ నెట్‌వర్క్ పెట్టేవాణ్ని అది ఆపలేదు.

బ్యాడ్జి డిజైన్ ప్రెస్సుకి వెళ్లేముందు ఒకసారి నాకు పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య