బావ మాత్రల గురించి

చిరంజీవి మేనల్లుడికి,

బావకి గుండె రక్తనాళంలో స్టెంటు వేయించి నెల్లూరు నించి కనిగిరి తీసుకుపోతున్నావనీ, ఇక నువ్వే దగ్గరుండి చూసుకుంటావనీ మీ అమ్మ చెప్పింది. ముచ్చటేసింది, భయమూ వేసింది. స్టెంటు పడ్డాక గండం గడిచిందనుకునే ఇళ్లలోనే అసలు తిప్పలు.

స్టెంటు వేయడానికి మణికట్టు దగ్గర గుచ్చిన చోట వాపు పెరిగినా, చెయ్యి చల్లబడినా వెంటనే చూపించు. రంగు మందు ఎక్కించారు కాబట్టి మూత్రపిండాలు బాగున్నాయో లేదో రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ పరీక్ష చేయించు. చుట్ట సంగతి నీకు కాదు, ఆయనకి చెప్పాలి.

నా బెంగంతా రక్తం పలచబరిచే రెండు మాత్రల మీదే: ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75. బావ పెళ్లినాటి నించీ అంతే, జ్వరం కాస్త తగ్గితే మందు సీసా చూర్లో దోపేసే మనిషి. ఇక్కడ ఆ వేషాలు కుదరవు. స్టెంటు లోహపు జల్లెడ గొట్టం. దాని మీద రక్తనాళపు లోపొర కమ్ముకునేదాకా రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు దానికి పట్టుకుని గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. స్టెంటు మీద పూతగా ఉన్న మందు నాళం మళ్లీ పూడకుండా కాపాడుతుంది గానీ, ఆ పొర రావడాన్నీ ఆలస్యం చేస్తుంది. అందుకే గుండెపోటు వచ్చి స్టెంటు వేసినవాళ్లకి మామూలుగా ఏడాదిపాటు రెండూ వాడమంటారు, ఆ తర్వాత కూడా ఒకటి సాగుతుంది. ఈలోగా పన్ను పీకించాలి, వారం మాత్రలు ఆపమని ఎవరో ఒకరు అంటారు. ఆపబాకండి. చిగురు నించి కారే రక్తం దూది అదిమితే ఆగుతుంది. స్టెంటులో గడ్డ కడితే నిమిషాల్లో గుండెపోటు. పళ్ల డాక్టరు చేత గుండె డాక్టరుతో మాట్లాడించు. తప్పనిసరి కాని ఆపరేషన్లుంటే వాయిదా వేయించు.

ఇంకోటి. ఫ్లోరైడు నీళ్ల ఊళ్లు కదా, మోకాళ్లు పట్టేశాయని వెళ్తే డైక్లోఫెనాక్ సూది పొడుస్తారు. ఈ మాత్రలతో అది కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు, మూత్రపిండాలకీ చేటు. నొప్పికి పారాసెటమాల్ చాలు. గ్యాసుకని ఒమెప్రజోల్ కొనబాక, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. పాంటాప్రజోల్ అడుగు. విరేచనం తారులా నల్లగా అయితే మాత్రలు మీరే ఆపకుండా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పొండి.

మూణ్ణెల్ల నించి ఏడాదిలోపు స్టెంటు లోపల దారి నెమ్మదిగా సన్నబడటమూ ఉంది, షుగరున్న వాళ్లకి మరీ. చేను గట్టు మీద నడుస్తూ సగంలో ఆగి గ్యాస్ అంటాడు. నమ్మబాక, చూపించు. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, గుండె పట్టేసినట్టుంటే నొప్పి లేకపోయినా 108 పిలువు. బండి మీద మాత్రం ఎక్కించుకోబాక.

డిశ్చార్జి కాగితం, స్టెంటు కార్డు ఫోటో తీసి నాకు పంపు నాయనా. మాత్రలు ఇంకా పది రోజులకి ఉండగానే కొని పెట్టు.

మీ మామయ్య