ముప్పై రెండు జడలు

ప్రశ్న: అక్కా, మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. డిసెంబరులో నెల్లూరు పురమందిరంలో వాళ్ళ డాన్స్ స్కూలు వార్షికోత్సవం. గ్రీన్‌రూమ్ బాధ్యతంతా టీచరుగారు నా మీద పెట్టారు. అయిదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా 32 మంది ఆడపిల్లలు. నేనెప్పుడూ ఇలాంటి పని చేసిందాన్ని కాదు. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక తల్లి, కావలి

జవాబు: జడల దగ్గర మొదలుపెట్టు. ఎగతాళికి అనడం లేదు. మా అమ్మాయి డాన్సు మానేసి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం పద్నాలుగేళ్ళుగా గ్రీన్‌రూమ్ వదల్లేదు. ఇన్నేళ్ళలో మా ప్రోగ్రామ్ ఆలస్యమైన ప్రతిసారీ కారణం జడే. రెండో కారణం ముఖ్య అతిథి, కానీ ఆయన్ని మనం ఏమీ చేయలేం.

లెక్క వేసుకో. సవరం కలిపి అల్లి, నల్లదారంతో బిగించి, తల వెనక గుండ్రటి బిళ్ళ, రాకొడి పెట్టి, పూలు చుట్టి, జడ చివర కుప్పెలు కట్టేసరికి ఒక్కో తలకు ఇరవై నిమిషాలు. 32 తలలకు 640 నిమిషాలు. చెయ్యి తిరిగినవాళ్ళు ముగ్గురు కూర్చున్నా మూడున్నర గంటలు దాటుతుంది. ప్రోగ్రామ్ ఆరింటికైతే ఒంటిగంటకల్లా మొదటి పిల్ల పీట మీద ఉండాలి. ముందు పెద్దపిల్లలకు వెయ్యి, చిట్టిపిల్లలకు చివర. అయిదేళ్ళదానికి ఒంటిగంటకు జడ వేస్తే మూడింటికి దాని మీదే పడుకుని నిద్రపోతుంది. స్టేజీ మీదికి మాత్రం ఆ చిట్టివాళ్ళనే ముందు పంపించి, అయిపోగానే మామూలు బట్టలు వేసేయ్.

టీచరుగారు వేసిన ఐటమ్స్ వరుస తీసుకుని, ఒక్కో ఐటమ్ ఎదురుగా పిల్లల పేర్లు రాయి. వరసగా రెండిట్లో ఒకే పేరు కనిపిస్తే అక్కడ డ్రస్ మార్చే టైం ఉండదు. ఆ సందులో ఉపన్యాసాలో, శాలువాలో పెట్టమని టీచరుగారికి చెప్పు. కింద కూర్చున్నవాళ్ళు విసుక్కునే ఉపన్యాసం తెర వెనక మనకు వరం.

ఒక్కో పిల్ల నగలు ఒక్కో జిప్ కవర్లో పేరు రాసి పెట్టు: తలకు పెట్టే సూర్యుడు, చంద్రుడు బిళ్ళలు, పాపిటబిళ్ళ, దిద్దులు, చెవి నుంచి జుట్టుకు తగిలించే మాటీలు, వడ్డాణం. అసలు బంగారం వద్దని ముందే గట్టిగా చెప్పు. డ్రస్ లోపల కూడా పేరు అంటించు. పిన్నీసులు ఎన్ని కొన్నా చాలవు, నేనైతే నా పైట కొంగుకే ఒక వరస గుచ్చుకుని తిరుగుతా.

పారాణి డ్రస్ వెయ్యకముందే పెట్టాలి. పాత పేపరు మీద కాళ్ళు చాపించి పెట్టి, ఆరేదాకా కదలనివ్వకు. డిసెంబరు అంటున్నావు కాబట్టి అడుగుతున్నా, వాన సంగతి ఆలోచించారా? మన జిల్లాకు వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలకే. ఒకసారి కోవూరు నుంచి ఆటోలో వచ్చిన పిల్ల ఇంట్లోనే పారాణి పెట్టించుకుని వచ్చింది. పెన్నా బ్రిడ్జి మీద జల్లు కొట్టింది. దిగేసరికి తెల్ల పైజమా మోకాళ్ళ దాకా ఎర్రగా ఉంది. దాన్ని వెనక వరసలో నిలబెట్టాం, ఇంకేం చేస్తాం! అందుకే అలంకరణంతా హాల్లోనే జరగాలి. వచ్చేటప్పుడు చుట్టుకోవడానికి పాత దుప్పటి ఒకటి తెచ్చుకోమను.

తిండి విషయంలో తల్లుల మాట వినకు. పులిహోర తెస్తామంటారు, పసుపు మరక పట్టుచీరకు పడితే వదలదు. ఎవరో ప్రేమగా మలై కాజా పెట్టె తెస్తారు. పాకం చేతులు నేరుగా డ్రస్‌కే వెళ్తాయి. ఇడ్లీ, అరటిపండు చాలు. లిప్‌స్టిక్ వేశాక నీళ్ళు స్ట్రాతోనే. బాత్రూమ్‌కు వడ్డాణం బిగించకముందే అందర్నీ తిప్పుకుని రా. గజ్జెలు మాత్రం ఆఖర్న, స్టేజీ ఎక్కే ముందు, కళ్ళకద్దుకుని కట్టుకోవాలి.

పాటలు ఫోనులో పెట్టించకు. ఈ తప్పు నేనే చేశాను. ఆ ఏడు పెన్‌డ్రైవ్ పనిచెయ్యకపోతే నా ఫోన్ ఇచ్చా. జతి (తాళం సొల్లు) మధ్యలో గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి ఫోన్ చేశాడు. పదకొండు మంది పిల్లలు కుడికాలు ఎత్తి అట్లాగే నిలబడిపోయారు. హాలంతా నా రింగ్‌టోనే. రెండు పెన్‌డ్రైవ్‌లలో పాటలన్నీ ఐటమ్స్ వరుస ప్రకారం నంబర్లు వేసి ఎక్కించు. ముందురోజే హాల్లోని సిస్టమ్‌లో పెట్టి విను.

చివరగా, గుమ్మం. కాస్త మొహమాటం లేని ఆవిడను అక్కడ కూర్చోబెట్టు. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకి మగవాళ్ళు, ఫోన్ కెమెరాలు రాకూడదు, అది నాన్నగారైనా సరే. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి పిల్లను ఎవరు తీసుకెళ్ళారో సంతకం చేయించు. రాత్రి తొమ్మిదింటికి ఆ తోపులాటలో 'మేనమామనండీ' అంటే ఎవర్ని నమ్ముతాం?

ప్రశ్న: మా ఆరేళ్ళ పాప ఇంట్లో బాగా చేస్తుంది. స్టేజీ అంటే ఏడుపు. ఈసారి పేరు తీయించేయమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: తీయించకండి, బలవంతమూ పెట్టకండి. ముందురోజు లైట్లు వేయించి ఖాళీ స్టేజీ మీద ఊరికే పరుగెత్తనివ్వండి. మీరేమో మొదటి వరసలో కూర్చోకండి. మిమ్మల్ని చూడగానే ఏడుపు తన్నుకొస్తుంది. మా దగ్గర ఒక పాప రెండేళ్ళు తెర పట్టుకునే నిలబడింది. మేమూ ఏమీ అనలేదు. మూడో ఏడు తన జట్టు పిల్లలు స్టేజీ మీదికి వెళ్తుంటే, పట్టుకున్న తెర వదిలేసి వాళ్ళ వెనకే వెళ్ళిపోయింది, ఒక కాలికి గజ్జెలు లేకుండానే.