అండమాన్‌లో రాస్ ఐలాండ్‌లు రెండున్నాయండీ, టికెట్ కొనేముందు ఏదో తేల్చుకోండి

రెండు దీవుల మధ్య తెల్లటి ఇసుక దారి ఉండే రాస్ ఐలాండ్‌కి పోర్ట్ బ్లెయిర్ నుంచి ఎంతసేపు పడుతుందని అడిగారు. అక్కడ ఎవర్నడిగినా పడవలో పది పదిహేను నిమిషాలంటారు, అబద్ధమేం కాదు, కాకపోతే ఆ రాస్‌లో మీరనే ఇసుక దారి లేదు. నేనూ ఆ ఫొటో చూసే బుక్ చేశాను. ఏజెంటు "రాస్ ప్యాకేజీలోనే ఉంది సార్" అన్నాడు, తీరా అబెర్డీన్ జెట్టీలో పడవెక్కి దిగితే ఎదురుగా కూలిన ఇటుక గోడలు, వాటిని చుట్టేసుకున్న చెట్ల వేళ్లు. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

కానీ చూడాల్సింది అదేనని నాకు సాయంత్రానికి అర్థమైంది. దానికా పేరు డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరుది. సిపాయిల తిరుగుబాటు అణిచాక 1858 మార్చిలో తొలి విడతగా 200 మంది ఖైదీలను తెచ్చి ముందు చాథమ్ దీవిలో దింపారు, అక్కడ నీళ్లు చాలక ఇక్కడికి మకాం మార్చారు. ఆ తర్వాత 80 ఏళ్లకు పైగా అండమాన్ పాలనంతా ఈ చిన్న దీవి నుంచే. చర్చి, బేకరీ, టెన్నిస్ కోర్టు, ఈత కొలను, అన్నీ ఖైదీల చెమటే. 1941 జూన్‌లో భూకంపం వచ్చి దెబ్బతింది, మరుసటి మార్చిలో జపాన్ సైన్యం దిగింది, వాళ్ల బంకర్ ఇంకా ఉంది. నేను బేకరీ గోడ దగ్గర ఇదంతా చదువుతుంటే ఒక దుప్పి వచ్చి చేతిలో కొబ్బరి ముక్క లాక్కుపోయింది. 2018లో దీనికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు మార్చారు, పోర్ట్ బ్లెయిర్ ఊరు కూడా 2024 నుంచి శ్రీ విజయపురం, మాటల్లో మాత్రం అందరూ పాత పేర్లే అంటున్నారు.

మీ ఇసుక దారి ఉన్నది ఉత్తరాన దిగ్లీపూర్ దగ్గర, స్మిత్ దీవికీ ఇంకో రాస్‌కీ మధ్య. రోడ్డు మీద 300 కిలోమీటర్లు దాటుతుంది, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి జారవా అనే ఆదివాసీ తెగ ఉండే అడవిలో కాన్వాయ్‌గానే వెళ్లాలి, మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఒక్క రోజులో వెళ్లి రావడం కుదరదు, కనీసం రెండు రాత్రులు ఉంచుకోండి. పేర్ల గొడవ అక్కడా ఉంది: 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే సర్వేయరు ఇప్పటి పోర్ట్ బ్లెయిర్ దగ్గర పెట్టిన బ్రిటిష్ స్థావరం పేరు పోర్ట్ కార్న్‌వాలిస్, 1792లో దాన్ని ఉత్తరానికి తరలిస్తూ పేరు కూడా వెంట తీసుకెళ్లారు, జబ్బులతో జనం చచ్చిపోతుంటే 1796లో ఎత్తేశారు. (గూగుల్‌లో మంచు, అగ్నిపర్వతం కనిపిస్తే అది అంటార్కిటికా రాస్, జేమ్స్ క్లార్క్ రాస్ పేరుతో. ఆయన వేరు.)

దిగ్లీపూర్ దగ్గరి ఏరియల్ బే జెట్టీలో పడవ మాట్లాడుకునేముందు ఆటు ఎన్నింటికో అడగండి. మేము రెండోసారి పని కట్టుకుని వెళ్తే సరిగ్గా పోటు వేళకి చేరాం, దారి మోకాలి లోతు నీళ్లలో ఉంది. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నడిచేసింది.