ట్యూమర్‌లో ఎక్కువగా ఉన్న ప్రోటీన్‌ని టి-సెల్ థెరపీకి టార్గెట్‌గా పెట్టుకోవచ్చా?

తమ్ముడూ, విజయనగరంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానన్నావు. నోటి క్యాన్సర్ డేటాలో, మామూలు కణాలకన్నా ట్యూమర్‌లో ఎక్కువగా తయారయ్యే ప్రోటీన్లను ఏరి, జాబితాలో పైనున్నదాన్ని టి-సెల్ థెరపీకి, అంటే రోగనిరోధక టి-కణాలతో క్యాన్సర్‌ని చంపించే వైద్యానికి, టార్గెట్‌గా పెట్టుకోవచ్చా అని అడిగావు. పెట్టుకోకు. మాది శ్రీకాకుళం. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. టార్గెట్లు దొరకడం పెద్ద కష్టం కాదు, పనికిరానివాటిని కొట్టేయడానికే మా టైమంతా పోతుంది.

ట్యూమర్‌లో ఎంత ఉంది అని చూసేముందు, ఒంట్లో ఇంకెక్కడుంది అని చూడాలి. కొన్ని రక్త క్యాన్సర్లకి టార్గెట్ అయిన సిడి19 అనే ప్రోటీన్, యాంటీబాడీలు తయారుచేసే మంచి బి-కణాల మీద కూడా ఉంటుంది. కార్-టి (ఆ ప్రోటీన్‌ని నేరుగా పట్టుకునేలా మార్చిన టి-కణాలు) ఇచ్చాక అవీ పోతాయి. అయినా ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే బయటి యాంటీబాడీలు, ఎక్కించి రోగిని నెట్టుకురావచ్చు. మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్స పనిచేసేది ఈ సిడి19 మీదే. గుండె విషయంలో అలాంటి వెసులుబాటు ఉండదు.

మేజ్-ఎ3 సంగతి చూడు. ఇది కొన్ని ట్యూమర్లలో ఉండే ప్రోటీన్, పెద్దవాళ్ల మంచి కణాల్లో మాత్రం దాదాపు వృషణాల్లోనే కనిపిస్తుంది. అక్కడి బీజకణాలు, ప్రోటీన్ ముక్కల్ని టి-కణాలకి పట్టి చూపే హెచ్‌ఎల్‌ఏని చూపించవు కాబట్టి టి-కణాల కంట పడవు. కాగితం మీద ఇంతకంటే మంచి టార్గెట్ ఉండదనిపిస్తుంది. కానీ దాన్ని గట్టిగా పట్టుకునేలా మార్చిన రిసెప్టర్ (టి-కణం మీది గ్రాహకం) ఉన్న టి-కణాల్ని ఇస్తే ఇద్దరు రోగులు గుండె దెబ్బతిని చనిపోయారు. 2013లో ఆ వివరాలు అచ్చయ్యాయి. గుండెలో మేజ్-ఎ3 లేనేలేదు. గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్‌లో దాన్ని పోలిన ముక్క ఉంది. తొమ్మిది అమైనో ఆమ్లాల్లో ఐదే కలుస్తాయి, ఆ పోలికే ప్రాణం తీసింది. ల్యాబ్‌లో మామూలుగా పెంచిన గుండె కణాల్లో ఇది బయటపడలేదు. స్టెమ్ సెల్స్ నుంచి తయారుచేసిన, కొట్టుకుంటున్న గుండె కణాల మీద పరీక్షించాకే తెలిసింది. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లతో ముందు ఈ పేపరే చదివిస్తాను.

ఇంకొకటి. కార్-టి సంగతి వేరు గానీ, మామూలు టి-కణానికి పూర్తి ప్రోటీన్ కనిపించదు. అది కణం లోపల ముక్కలై, ఎనిమిది నుంచి పదకొండు అమైనో ఆమ్లాల పెప్టైడ్‌గా హెచ్‌ఎల్‌ఏ మీదికి ఎక్కితేనే కనిపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) ఎంతున్నా, పెప్టైడ్ బయటికి రాకపోతే ఫలితం లేదు. ఏ పెప్టైడ్ ఎక్కుతుందనేది ఆ మనిషి హెచ్‌ఎల్‌ఏని బట్టి ఉంటుంది. 2024 ఆగస్టులో అమెరికాలో సైనోవియల్ సార్కోమా అనే మెత్తటి కణజాల క్యాన్సర్‌కి అనుమతి వచ్చిన టెసెల్రా అనే టి-సెల్ థెరపీ మేజ్-ఎ4 మీద పనిచేస్తుంది, కానీ ఎ*02:01 లాంటి కొన్ని హెచ్‌ఎల్‌ఏ రకాలున్న వాళ్లకే. మనవాళ్లలో ఎ2 (ఎ*02తో మొదలయ్యే రకాల గుంపు) ఉన్నవాళ్లకి తరచుగా కనిపించేది ఎ*02:11, అది ఆ జాబితాలో లేదు. అందుకే "ఎ2 పాజిటివ్" అని రాసుకుని ఆగిపోకు. 02:11 లాగా నాలుగంకెలూ తెలిసే టైపింగ్ చెయ్యి.

నోటి క్యాన్సరే తీసుకుంటే, మన వైపు అడ్డపొగ అలవాటున్న ఆడవాళ్లకి అంగిట్లో వచ్చే క్యాన్సర్‌ని వదలొద్దని నా కోరిక. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే పెద్దవాళ్లని మా ఊళ్లో చూస్తూ పెరిగాను, వాళ్ల నోళ్లు చూశాను. పొగాకు వల్ల డీఎన్‌ఏలో వచ్చే మార్పుల్లోంచి పుట్టే కొత్త పెప్టైడ్లు, అంటే నియోయాంటిజెన్లు, మంచి కణాల్లో ఉండవు కాబట్టి భద్రత విషయంలో మెరుగు. కాకపోతే ఒకరిలో ఉన్నది ఇంకొకరిలో ఉండదు. టిపి53 అనే జీన్ నోటి క్యాన్సర్లలో తరచుగా మారుతుంది గానీ ఒక్కొక్కరిలో ఒక్కోచోట.

కంప్యూటర్ చెప్పిందల్లా నమ్మకు. 2020లో టెస్లా అనే కన్సార్షియం, ఎన్నో బృందాలు సూచించిన పెప్టైడ్లలో 608 పరీక్షిస్తే, టి-కణాలు గుర్తుపట్టినవి 37.

నీ ప్రాజెక్టు వరకు అయితే ఇలా చెయ్యి. ట్యూమర్, రక్తం రెండింటి ఎక్సోమ్ (డీఎన్‌ఏలో ప్రోటీన్లు తయారుచేసే భాగాలు) పక్కపక్కన పెట్టి చూడు. మారిన జీన్ నిజంగా ఆర్‌ఎన్‌ఏగా వస్తోందా చూడు. ట్యూమర్ తన హెచ్‌ఎల్‌ఏ జీన్‌నే పోగొట్టుకుందేమో చూడు, పోగొట్టుకుంటే దాని మీద ఎక్కాల్సిన పెప్టైడ్లన్నీ కొట్టెయ్యి. ఆ తర్వాతే, ఏ పెప్టైడ్ ఏ హెచ్‌ఎల్‌ఏ మీదికి ఎక్కుతుందో అంచనా వేసే ప్రోగ్రామ్ నెట్‌ఎమ్‌హెచ్‌సి‌ప్యాన్ నడుపు. మిగిలిన ప్రతి పెప్టైడ్‌నీ మనిషి ప్రోటీన్లన్నిటితో పోల్చు, గుండె, మెదడు మరీ జాగ్రత్తగా. హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ దగ్గర ఆగిపోతే ఇక్కడే అడుగు, చెప్తాను.