డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారితే ముందే బల్బులు మార్చకు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

రాత్రిపూట మీటర్‌లో అంకెలు కనపడక అంచనా మీద నడుపుతున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. ఇది సరయ్యేదాకా చీకటి పడ్డాక ఆ కారు బయటికి తీయకు.

నువ్వు వెంటనే కొత్త బల్బులు కొనేస్తావని నాకు తెలుసు. కాస్త ఆగు. ఒక మూల మాత్రమే చీకటిగా ఉంటే అక్కడి బల్బే పోయి ఉంటుంది, అది తేలిక. అన్నీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే బల్బులు ముసలివైపోయాయని అనుకోవచ్చు. ఈమధ్యే, అన్నీ ఒకేసారి మసకబారాయంటే మాత్రం వాటికి కరెంటు సరిగ్గా అందట్లేదు. ఫ్యూజు పోతే లైట్లు పూర్తిగా ఆరిపోతాయి కాబట్టి ఇది దాని పని కాదు. కాకపోతే ఫ్యూజు కాళ్లకు చిలుము పట్టిందేమో ఒకసారి బయటికి లాగి చూడు.

మొదట డిమ్మర్ చూడు, అంటే మీటర్ లైట్ల వెలుగు పెంచి తగ్గించే మర. పాత కార్లలో చాలావాటికి స్టీరింగ్ పక్కన చిన్న చక్రంలాగానో, హెడ్‌లైట్ స్విచ్‌లోనే తిరిగే మరలాగానో ఉంటుంది. లోపల తీగచుట్ట, దాని మీద జారే రాగిముక్క ఉంటాయి. ఏళ్లపాటు ఒకేచోట ఉండిపోతే అక్కడ మురికి పేరుకుంటుంది. లైట్లు వేసి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై ముప్పైసార్లు తిప్పు. తిప్పుతుంటే లైట్లు ఓసారి భగ్గుమని, మళ్లీ తగ్గాయంటే దొంగ దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు ఆనే చోట్ల మురికి వదలగొట్టే స్ప్రే) కొట్టి మళ్లీ తిప్పితే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది.

అక్కడితో పని కాకపోతే మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే పరికరం) తియ్యి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా. వోల్టేజీ 10 శాతం తగ్గితే మామూలు బల్బు వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. అందుకే చిన్న లోపమైనా కంటికి ఇంత పెద్దగా కనిపిస్తుంది. వెనక పార్కింగ్ లైట్లు కూడా చూడు. చాలా కార్లలో ఇవి, మీటర్ లైట్లు ఒకే స్విచ్ నుంచి వస్తాయి. అవి కూడా మసగ్గా ఉంటే లోపం స్విచ్ దగ్గరో, అంతకు ముందో ఉంది.

ఇండికేటర్ వేసినప్పుడు మీటర్ లైట్లు కూడా దాంతోపాటు కొట్టుకుంటున్నాయా? పెట్రోలు ముల్లు కదులుతోందా? అయితే ఎర్త్ వైపు, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారిలో, వెతుకు. నేను ఓసారి బల్బులన్నీ మార్చాను, వెలుగు రవ్వంతైనా పెరగలేదు. చివరికి డ్యాష్‌బోర్డు కింద ఎర్త్ స్క్రూ తిప్పితే వేళ్లకే వచ్చేసింది, దాని చుట్టూ గోధుమరంగు తుప్పు. గీకి, తుడిచి, బిగించేసరికి అంకెలు తెల్లగా మెరిశాయి. లైట్లు వేసి ఉంచి, మీటర్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజీ మల్టీమీటర్‌తో కొలిచి చూడు. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే అక్కడే ఉంది తగువు.

మీటర్ విప్పాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసెయ్యి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారయితే అక్కడ చెయ్యి పెట్టకు, ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలెయ్యి. వెనకవైపు పలచటి ప్లాస్టిక్ రేకు మీద రాగి గీతలుంటాయి, బల్బు హోల్డర్లు వాటికి ఆనుకుంటాయి. ఆనే చోట నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్దు, గట్టిగా రుద్దితే రాగి లేచిపోతుంది. బల్బు తీసి వెలుతురుకు పెట్టి చూడు. గాజు లోపల నల్లటి పొగమసిలా పట్టి ఉంటే మార్చేయాల్సిందే. పాతదాని వాట్లే కొత్తదానికీ ఉండాలి. ఎక్కువ వాట్లది పెడితే ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎల్‌ఈడీలు పెట్టుకుంటానన్నావు, పెట్టుకో. వెలగకపోతే తిప్పి పెట్టు, వాటికి ప్లస్సు మైనస్సు ఉంటాయి. డిమ్మర్ మాత్రం వాటితో సరిగ్గా పనిచేయకపోవచ్చు. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర హెచ్చరిక బల్బును మాత్రం ముట్టుకోకు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) మేలుకోవడానికి కరెంటు దాని గుండానే వెళ్తుంది. దాని బదులు ఎల్‌ఈడీ పెడితే చార్జింగే మొదలు కాకపోవచ్చు.

ఈ సాయంత్రమే డిమ్మర్ తిప్పి చూసి, ఏమైందో నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య