ఉద్యోగంలో ఉంటూ ఇంట్లో రాసిన ప్రోగ్రాం ఎవరి సొత్తు?

ప్రశ్న: మాది గాజువాక. మధురవాడలోని ఒక ఐటీ కంపెనీలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని లినక్స్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టం) డెస్క్‌టాప్ కోసం ఒక అప్లికేషన్ మెనూ తయారుచేశాను. అందులో తెలుగులో ‘లెక్కలు’ అని టైపు చేస్తే క్యాలిక్యులేటర్ కనిపిస్తుంది. లినక్స్‌లో వాడే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌కు ఉన్న విస్కర్ మెనూ కోడ్‌ను కొంత వాడుకున్నాను. వెతికే భాగం మాత్రం నా స్నేహితుడు రాశాడు. దీన్ని ఎంఐటీ లైసెన్సు (కాపీరైట్ ప్రకటన ఉంచితే చాలు, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే అనుమతి) కింద ‘విశాఖ లినక్స్ మెనూ’ అన్న పేరుతో ఉచితంగా విడుదల చేయాలని ఉంది. నా నియామక పత్రంలో ‘ఉద్యోగ కాలంలో సృష్టించినదంతా కంపెనీదే’ అన్న నిబంధన ఉంది. నాకు ఇబ్బంది వస్తుందా? రేపు ఎవరైనా దీన్ని అమ్ముకుంటే ఆపగలనా? కాపీరైట్ రిజిస్టర్ చేయించాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉచితంగా ఇచ్చేదానికి ఎవరు అడ్డు చెబుతారన్న ధీమా మీ ఉత్తరంలో కనిపిస్తోంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన సామెత మీరూ వినే ఉంటారు. ఓపెన్ సోర్స్ లైసెన్సు ఇవ్వడమంటే హక్కును గాలికి వదిలేయడం కాదు, హక్కుదారు తన హక్కును షరతులతో పదిమందికీ పంచడం. కాబట్టి మీ మెనూలో ఏ వరుస ఎవరిదో ముందు తేలాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అందులో మీ చెయ్యి, మీ స్నేహితుడి చెయ్యి, విస్కర్ మెనూ రాసినవారి చెయ్యి ఉన్నాయి. మీ కంపెనీ కూడా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

కంపెనీ సంగతే మొదట చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. సెక్షన్ 17(సి) ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానే తొలి హక్కుదారు. ఇక్కడ కీలకం ‘విధుల్లో భాగంగా’ అన్న మాట. పగలు మీరు చేసే పని బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ అయి, రాత్రి సొంత ల్యాప్‌టాప్ మీద మెనూ రాసుకుంటే ఆ సెక్షన్ కింద కంపెనీ వాదన బలహీనమే. అదే కంపెనీ ల్యాప్‌టాప్ వాడినా, మీ ఉద్యోగమే లినక్స్ డెస్క్‌టాప్ పని అయినా కథ మారిపోతుంది. కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే గిట్‌లో తేదీలు, వేళలు నమోదవుతాయి కదా, అవి మీకు సాక్ష్యం. కానీ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు చేసిన కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) ఒక్కటి దొరికినా ఎదుటి న్యాయవాది దాన్నే పట్టుకుని లాగుతారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను.

నియామక పత్రంలోని నిబంధనను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. విధులకు బయట రాసిన కోడ్‌ను కూడా ఒప్పందం ద్వారా కంపెనీకి బదిలీ చేయవచ్చు. ఇంకా రాయని రచన మీద సైతం సెక్షన్ 18 అలాంటి ఒప్పందాన్ని అనుమతిస్తుంది, రచన పుట్టిన తరువాతే అది అమలులోకి వస్తుంది. అయితే సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి, ఏ రచన, ఏ హక్కులు అన్నది గుర్తుపట్టేలా చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. ‘సృష్టించినదంతా’ అన్న ఒక్క మాట ఈ పరీక్షలకు ఎంతవరకు నిలుస్తుందన్నది వాదించదగ్గ విషయమే. కానీ కాపీరైట్ మీదే అని తేలినా, నిబంధన ఉల్లంఘించారని కంపెనీ క్రమశిక్షణ చర్యకు దిగవచ్చు. ఈ రెండూ వేర్వేరు తగాదాలు. అందుకే విడుదలకు ముందే కంపెనీ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోండి. అడిగితే లేనిపోని అనుమానం రేపినట్లవుతుందని భయపడవచ్చు. అడగకుండా విడుదల చేసి ఏడాది తరువాత లీగల్ నోటీసు అందుకోవడం అంతకంటే ఖరీదైన వ్యవహారం.

స్నేహితుడు మీ దగ్గర జీతం తీసుకోలేదు కాబట్టి అతను రాసిన భాగం అతనిదే. టీ తాగుతూ ‘వాడుకోరా’ అన్న మాట చాలదు. సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాతలో ఉండాలి. స్టాంపు పేపరు అక్కరలేదు, ఏ లైసెన్సు కింద ఇస్తున్నాడో పేరుతో సహా రాసి పంపిన ఈమెయిల్ చాలు. సమాచార సాంకేతిక చట్టం 2000 ఎలక్ట్రానిక్ రాతను రాతగానే గుర్తిస్తుంది. అతనూ ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే పైన కంపెనీ గురించి చెప్పినదంతా అతనికీ వర్తిస్తుంది.

ఇక ఎంఐటీ లైసెన్సు. ఇక్కడ మీ ఆలోచన పొరపాటు. విస్కర్ మెనూ ‘జీపీఎల్ రెండో వెర్షన్ లేదా ఆ తరువాతిది’ కింద విడుదలైన ప్రోగ్రాం. జీపీఎల్ అంటే, కోడ్ తీసుకున్నవారు తాము పంచేదాన్నీ అవే షరతులతో ఇవ్వాలనే లైసెన్సు. దాని కోడ్‌ను మీదానిలో కలిపి పంచితే మొత్తం జీపీఎల్ కిందే ఇవ్వాలి. ఎంఐటీ కోడ్‌ను జీపీఎల్ ప్రోగ్రాంలో కలపవచ్చు, కానీ జీపీఎల్ కోడ్‌ను ఎంఐటీగా మార్చి ఇచ్చే అధికారం దాన్ని రాసినవారికి తప్ప మరొకరికి లేదు. అసలు రచయితల కాపీరైట్ వరుసలు చెరపకుండా ఉంచండి, మార్చిన ఫైళ్లలో మార్చిన తేదీ స్పష్టంగా రాయండి. ఎంఐటీయే కావాలంటే అరువు తెచ్చిన భాగాన్ని తీసేసి సొంతంగా తిరిగి రాయాలి. మెనూ అంటే ఇలా ఉంటుందన్న ఆలోచనకు కాపీరైట్ లేదు, కోడ్‌కే ఉంది. కాకపోతే ఒక కిటికీలో పాత కోడ్ తెరిచి పెట్టుకుని పక్క కిటికీలో రాస్తే దాన్ని సొంతమని ఎవరూ అనరు.

అమ్ముకునేవారిని ఆపగలరా? ఆపలేరు. డబ్బు తీసుకోవడాన్ని జీపీఎల్ నిషేధించదు. కొన్నవారికి సోర్స్ కోడ్ (ప్రోగ్రాం మూల రాత) అందాలి, వారు దాన్ని మళ్లీ పంచుకునే స్వేచ్ఛ ఉండాలి, అంతే. ఈ షరతు తప్పినవారికి రెండో వెర్షన్ కింద అనుమతి దానంతటదే రద్దవుతుంది. ఆపై వారు చేసేది కాపీరైట్ ఉల్లంఘనే. మూడో వెర్షన్ (2007) కొంత దయ చూపింది: నోటీసు అందిన 30 రోజుల్లో తొలిసారి తప్పు సరిదిద్దుకుంటే హక్కు తిరిగి వస్తుంది. దావా వేయాల్సి వస్తే ఎదుటివారు ఏ ఊరి వారైనా, సెక్షన్ 62 పుణ్యమా అని మీరు నివసించే చోటే, అంటే విశాఖలోనే వేయవచ్చు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణమే హక్కు పుడుతుంది, మీ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. ఫీజు 500 రూపాయలే కాబట్టి చేయించుకుంటే నష్టం లేదు, కానీ దానికోసం విడుదల ఆపుకోవద్దు.

పేరులోంచి ‘లినక్స్’ తీసేయండి. అది లినక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ పేరిట ఉన్న ట్రేడ్‌మార్కు, వాడాలంటే వేరే అనుమతి తీసుకోవాలి. ‘విశాఖ మెనూ’ చాలు, వినడానికీ బాగుంది.

కంపెనీ వారు నిరభ్యంతర పత్రం ఇవ్వబోమని అంటే, నియామక పత్రంలో ఆ నిబంధన ఉన్న పేజీని యథాతథంగా పంపండి. మీరు తెలుగులో చెప్పిన సారాంశం చూసి ఇంతకుమించి చెప్పడం సాహసమే అవుతుంది.